కరిచిన ఎలుకలు

"దర్జీ పడిపోయినప్పుడు మీరెక్కడున్నారు మేడమ్?"

"ఇక్కడే. ఈ కుర్చీలోనే. పడిపోయాక నర్సు ఫోన్ చేసింది. నేను కిందకి వెళ్లేసరికి అంతా అయిపోయింది." ల్యాబ్ డైరెక్టర్ మేడమ్ కళ్లజోడు తీసి, తీరిగ్గా తుడిచి, మళ్లీ పెట్టుకుంది. "ఇదే ప్రశ్న పొద్దున మీ బావగారు కూడా అడిగారు. మీరిద్దరూ ఇంట్లో మాట్లాడుకోరా?"

"మాట్లాడుకుంటాం మేడమ్. కూరలో ఉప్పు గురించి. ఆ నర్సు ఎక్కడ?"

"సెలవు పెట్టింది. భయపడింది పాపం. ఫోన్ కూడా ఎత్తట్లేదు."

"ఎత్తుతుంది లెండి. నేను చేస్తే అందరూ ఎత్తుతారు, ఎత్తేదాకా చేస్తా కాబట్టి."

అందుకే ఆమెకి జిగురు అని పేరు. పెట్టింది ఇనస్పెక్టర్ బావగారు, ఆమె అక్క మొగుడు. ఒకసారి అంటుకుంటే చర్మంతో సహా ఊడాలి తప్ప వదలదని. అది కాస్తా ఊరంతా పాకి, ఇప్పుడు కరెంటు బిల్లు మీద తప్ప అసలు పేరు ఎక్కడా కనపడదు. జిగురు ఫార్మసీ చదివింది. రెండేళ్లు ఇలాంటి ల్యాబ్‌లోనే ఎలుకలకి మందులు పట్టి, ఆ వాసనకి విరక్తి పుట్టి ప్రైవేట్ డిటెక్టివ్ అయింది. ఎలుకల నుంచి మనుషులకి ప్రమోషన్ అంటుంది అక్క. డిమోషన్ అంటాడు బావగారు.

ఈ కేసు చిన్నదే. కాకపోతే పీక మీదకొచ్చింది.

మూలికల వైద్యుడొకాయన ఉన్నాడు. అందరూ వేర్ల తాత అంటారు. నాభి దుంపతో కీళ్లనొప్పులకి మందు చేస్తాడు. నాభి అంటే విషం. పచ్చిది కొరికితే గుండె ఆగిపోతుంది. దాన్ని మనిషికి పనికొచ్చేలా మార్చడమే ఆయన విద్య. ఆ మందు ఎంతవరకు సురక్షితమో పరీక్షించి, మాత్రలు చేసి అమ్ముకుందామని ఈ ల్యాబ్ ఆయన దగ్గర బస్తా దుంపలూ తయారుచేసే పద్ధతీ తీసుకుంది. ముందు ఎలుకల మీద, తర్వాత మనుషుల మీద. ఎలుకలు పాసయ్యాయి. మనుషుల్లో మొదటివాడు, మోకాళ్లు పట్టేసిన ఒక దర్జీ, నిన్న పొద్దున ఇక్కడ మందు తాగి మధ్యాహ్నానికి శవమయ్యాడు. సాయంత్రానికల్లా బావగారు వేర్ల తాతని లాకప్‌లో వేశాడు. ఇవాళ నాలుగింటికి కోర్టులో పెడతాడు. ఆ వయసుకి, ఆ ఆయాసానికి, తాత జైలుకెళ్తే నిలువుగా వెళ్లి అడ్డంగా రావడమే.

జిగురుని పెట్టుకుంది తాత కూతురు. పొద్దున స్టేషన్ బెంచీ మీద కూచుని జిగురు చేతులు వదల్లేదు.

"అక్కా, ఆ మందు నేను చిన్నప్పట్నుంచీ తాగుతున్నా. నాన్న కాయడం మొదలుపెడితే పొద్దుగూకేదాకా మా ఇంట్లో వంటకి పొయ్యి ఖాళీ ఉండదు. నీళ్లు పారబోసి, మళ్లీ పోసి, మళ్లీ ఉడికించి... చివర్లో ఒక చుక్క తన నాలుక మీద, ఒక చుక్క నా నాలుక మీద. కొంచెం చురుక్కుమన్నా మొత్తం దొడ్లో పారబోస్తాడు. అందులో విషం లేదక్కా. ఒక్కరు నమ్మండి చాలు."

జిగురు నమ్మింది. నమ్మినంత మాత్రాన కోర్టు ఊరుకోదు కాబట్టి ఇక్కడికొచ్చింది.

"మీ ఉద్దేశంలో దర్జీ ఎందుకు పోయాడు మేడమ్?"

"గుండె జబ్బు దాచిపెట్టి వచ్చుంటాడు. ఇలాంటి పరీక్షలకి వచ్చేవాళ్లు అన్నీ దాస్తారు." మేడమ్ గొంతులో విసుగు తప్ప ఇంకేం లేదు. "మందులో మాత్రం తప్పు లేదు. నెల రోజులు ఎలుకలకి పట్టాం. మనిషికిచ్చేదానికి ఎన్నో రెట్లు ఎక్కువ. ఒక్కటి చావలేదు. ఒక్కటి చిక్కలేదు. పరీక్ష అయ్యాక కూడా కొన్నాళ్లు ఉంచి చూడాలి కాబట్టి ఉంచాం, ఇప్పటికీ పక్క గదిలో తింటూ తిరుగుతున్నాయి. ఆ ముసలాయన్ని ఎందుకు పట్టుకెళ్లారో మీ బావగారికే తెలియాలి."

జిగురు ప్రాణం లేచొచ్చింది. ల్యాబే మందు మంచిదంటోంది! ఇంకేం కావాలి?

ఆ సంతోషం మీద నీళ్లు చల్లడానికా అన్నట్టు తలుపు తోసుకుని బావగారు వచ్చాడు. చేతిలో సీలేసిన ప్లాస్టిక్ సంచి, అందులో ముదురు గోధుమరంగు సీసా. దర్జీకి పట్టిన సీసాయే. కింద ఫ్రిజ్‌లోంచి తీసి మూత బిగిస్తుంటే పైపైన ఒలికినట్టుంది, సంచిలోంచి కూడా స్పిరిట్ వాసన గుప్పుమంది. ల్యాబ్ అన్నాక స్పిరిట్ వాసన రాక సంపెంగల వాసన వస్తుందా అనుకుని జిగురు పట్టించుకోలేదు.

"ఏం మరదలా, మేడమ్‌కి అంటుకున్నావా?"

"మీకంటే ముందే, బావగారూ. ఎలుకలు ఒక్కటి కూడా చావలేదట. కేసు మూసేసి తాతని ఇంటికి పంపండి. అక్కకి నేను చెప్తాలే, ఇవాళ ఒక మంచిపని చేశారని."

"కొండని తవ్వి ఎలుకని పట్టావన్నమాట." బావగారు కుర్చీ లాక్కుని మేడమ్ టేబుల్ మీద సీసా పెట్టాడు, కేకు తెచ్చినవాడిలా. "చచ్చింది ఎలుక కాదమ్మా, మనిషి. ముసలాడు నాభితో మందు చేస్తాడు. నాభి విషం. మందు తాగినవాడు పోయాడు. దీనికి ఫార్మసీ చదవక్కర్లేదు, మూడో క్లాసు చాలు."

"అందుకేగా మీకు తట్టింది."

మేడమ్ పెదవి చివర నవ్వింది. బావగారు నవ్వలేదు.

జిగురు అక్కడే, ఆయన కళ్లముందే, కావాలని స్పీకర్ పెట్టి తాత కూతురికి ఫోన్ చేసింది. ఆ పని ఎందుకు చేసిందంటే, నిజం చెప్పాలంటే, బావగారి మొహం చూడ్డానికి.

"చెల్లీ, శుభవార్త. ల్యాబ్ మేడమే చెప్పారు. ఎలుకలన్నీ బతికే ఉన్నాయి. మీ నాన్న మందులో విషం లేదు."

అవతల పిల్ల ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. "నేను చెప్పలా అక్కా? నాన్నకి చెప్పొచ్చా? నిజంగా చెప్పొచ్చా?"

"చెప్పు. ధైర్యంగా చెప్పు."

బావగారు ఫోన్ వైపు వంగి అరిచాడు. "అంత మంచి మందైతే తాగి చూపించమ్మా! సీసా తెస్తున్నా. నువ్వు నా ముందు నిలబడి తాగు, మీ నాన్నని అప్పటికప్పుడు వదిలేస్తా!"

"ఆయన మాటలకేం గానీ, నువ్వు ఫోన్ పెట్టెయ్," అంది జిగురు. బావగారు సీసా తీసుకుని, తలుపు దగ్గర ఆగి సెల్యూట్ లాంటిది ఒకటి కొట్టి వెళ్లిపోయాడు. పిల్లికి చెలగాటం అంటారే, ఆ జాతి నవ్వు ఆయనది. కట్నం లేకుండా పెళ్లిచేసుకున్నాడన్న ఒక్క మంచితనాన్ని పదిహేనేళ్లుగా ఆ నవ్వుతో వసూలు చేస్తున్నాడు.

జిగురు లేచింది. "ఎలుకల్ని ఫోటో తీసుకుంటా మేడమ్. జడ్జిగారికి చూపించడానికి."

మేడమ్ మళ్లీ కళ్లజోడు తుడుచుకుంది. "తప్పకుండా," అంది.

ఎలుకల గది తాళం ఒక పెద్దాయన దగ్గరుంటుంది. ల్యాబ్‌లో అందరూ ఆయన్ని ఎలుకల మావయ్య అంటారు. ఇరవయ్యేళ్లుగా ఇదే పని. తాళం తీస్తుంటే ఆయన బొటనవేలికీ చూపుడువేలికీ కొత్త ప్లాస్టర్లు కనపడ్డాయి.

"ఏమైంది మావయ్యా?"

"తలుపు సందులో పడ్డాయమ్మా."

"రెండు వేళ్లూ ఒకేసారా? గట్టి తలుపే."

ఆయన లైటు వేశాడు.

జిగురుకి ఆ వాసన రెండేళ్ల జీతంతో సహా గుర్తొచ్చింది. రంపపు పొట్టు, ఉచ్చ, డెట్టాలు. గోడకి రెండు అరలు. ఎడమవైపు, పోల్చి చూడ్డానికి ఉత్తి నీళ్లు పట్టిన ఎలుకలు, కుడివైపు మందు పట్టినవి. తెల్ల ఎలుకలన్నీ అచ్చం ఒకేలా ఉంటాయి కాబట్టి, ఏది ఏదో తెలియడానికి ఒంటి మీద పసుపు రంగు పూస్తారు. ఒకదానికి తల మీద, ఒకదానికి వీపు మీద, ఒకదానికి తోక మొదట్లో. ఆ రంగు పట్టుకుంటే వదలదు, ఎలుకనీ వేలినీ కూడా. రెండు వైపులా రంగులు సరిగ్గానే ఉన్నాయి. కుడివైపువి కాస్త కొట్టొచ్చినట్టున్నాయి, అంతే. పరిమాణంలో కూడా తేడా లేదు. దిట్టంగా, మెరుస్తూ ఉన్నాయి.

జిగురు నాలుగు ఫోటోలు తీసింది. చాలు, వెళ్లిపోవచ్చు. కానీ పాత అలవాటు. గ్లవుజు తొడుక్కుని ఎడమవైపు పంజరం మూత తీసి చెయ్యి పెట్టింది. తలమీద పసుపున్న ఎలుక వచ్చి వేలు వాసన చూసి, అరచేతిలోకి ఎక్కి కూచుంది. ఎత్తితే ఎత్తించుకుంది. మెడ దగ్గర పట్టుకుంటే నోరు కూడా తెరిచింది పాపం, గొట్టం దింపుతారేమో అని.

నెల రోజులు రోజూ ఇదే. చెయ్యి వస్తుంది, పట్టుకుంటుంది, గొంతులోకి గొట్టం దింపుతుంది, వదిలేస్తుంది. మొదటివారం కరుస్తాయి, అరుస్తాయి. తర్వాత లొంగిపోతాయి. నీళ్లు పట్టినా అంతే, మందు పట్టినా అంతే. చేతికి తేడా లేదు.

జిగురు దాన్ని దించి, కుడివైపు పంజరం తీసి చెయ్యి పెట్టింది.

పంజరం పేలినట్టయింది. లోపలున్న ఐదూ ఒక మూలకి ఎగబడ్డాయి. కీచుమని ఒకటే అరుపు. వీపు మీద పసుపున్నదాన్ని పట్టుకోబోతే అది గిరుక్కున తిరిగి గ్లవుజులోంచి చూపుడువేలికి పళ్లు దించింది. ఊడపీక్కునేసరికి రక్తం. పక్క పంజరం తీసింది. అదే అరుపు. దాని పక్కది. అదే.

జిగురు గ్లవుజు తీసి, కారుతున్న వేలిని ఎలుకల మావయ్య ప్లాస్టర్ పక్కన పెట్టింది. రెండూ ఒకేచోట. అక్కా చెల్లెళ్లలా ఉన్నాయి.

"తలుపు సందు నన్నూ పట్టుకుంది మావయ్యా."

ఆయన కిందకి చూశాడు.

"ఈ ఎలుకలకి మనిషి చెయ్యి తెలీదు. ఒక్కరోజు కూడా వీటికి మందు పట్టలేదు. ఇవి కొత్తవి. బరువు చూసి తెచ్చారు, రంగు చూసి పూశారు, అంతా బాగానే చేశారు. మచ్చిక మాత్రం పూయలేకపోయారు. పాతవి ఏవి?"

"అమ్మా, నాకు పిల్లలున్నారు."

"దర్జీకి కూడా ఉన్నారు. ఇద్దరు. పొద్దున మార్చురీ బయట వాళ్లకి ఎవరో బిస్కెట్లు కొనిపెడుతుంటే చూశా. పాతవి ఏవి?"

ఆయన మూలనున్న డీప్ ఫ్రీజర్ వైపు చెయ్యెత్తలేదు. చూశాడు. చూపు చాలు. జిగురు మూత ఎత్తింది. చెత్త బండి నెలకోసారి వస్తుంది, పోయిన నెల రాలేదు. పసుపు సంచి ముడి విప్పితే గట్టిగా బిగుసుకుపోయిన తెల్లటి ఒళ్లు. తల మీద పసుపు. వీపు మీద పసుపు. తోక మీద పసుపు. పైన పంజరంలో కీచుమంటున్న ప్రతిదానికీ కింద ఐసులో ఒక కవల ఉంది. కొన్నిటికి ఇద్దరు.

"రెండుసార్లా?" అంది జిగురు.

"మొదటి గుంపు వారంలో పోయిందమ్మా. రెండోది ఇంకా తొందరగా పోయింది. కాళ్లు పడిపోయేవి ముందు. నేను మేడమ్‌కి చెప్పా. మూడోసారి తెచ్చి రంగు వెయ్యి చాలు, మందు పట్టకు, అంది."

జిగురు ముందు సంతోషించలేదు. మందు విషమే. అంటే తాత? ఆ పిల్ల చిన్నప్పట్నుంచి తాగింది ఏంటి? ఇంట్లో వంటకి పొయ్యి దొరకదని...

పొయ్యి.

రెండు ఎలుకల్ని సంచిలో వేసుకుని జిగురు కారిడార్లో పరుగెత్తింది. తయారీ గది తలుపు తోసింది. స్టీలు డ్రమ్ములు, స్పిరిట్ క్యాన్లు, గాజు గొట్టాలు. గది మొత్తం రెండుసార్లు కళ్లతో గాలించింది. తర్వాత డైరెక్టర్ మేడమ్ గదిలోకి వెళ్లి, సంచిని టేబుల్ మీద, సరిగ్గా బావగారు సీసా పెట్టినచోటే పెట్టింది.

"పొయ్యి ఎక్కడ మేడమ్?"

"ఏంటి?"

"పొయ్యి. తాత ఈ మందుని పొద్దంతా నీళ్లలో ఉడికిస్తాడు. అలా ఉడికిస్తేనే విషం విరుగుతుంది. మీ దగ్గర స్పిరిట్ ఉంది, పొయ్యి లేదు."

మేడమ్ సంచిలోకి తొంగిచూసింది. ముక్కు కూడా చిట్లించలేదు. ఫోన్ పక్కన పెట్టి, ఇంటర్వ్యూకి వచ్చిన పిల్లతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"కుండలో ఉడికించిన కషాయాన్ని మాత్ర చెయ్యాలంటే ఎంత ఖర్చో తెలుసా? నిలవ ఉండదు. ఒక కుండకీ ఇంకో కుండకీ పోలిక ఉండదు. స్పిరిట్‌లో నానబెడితే దుంపలో ఉన్నదంతా ఒక్కరోజులో దిగుతుంది."

"అంతా అంటే విషం కూడా."

"అంతా అంటే అంతా."

"ఎలుకలు రెండుసార్లు చచ్చాక మనిషికి ఎలా ఇచ్చారు?"

"మోతాదు బాగా తగ్గించాం. మనిషి ఎలుక కాదు కదా. ఎంతవరకు తట్టుకుంటాడో తెలియాలంటే ఎవరో ఒకరికి ఇవ్వాలి." మేడమ్ భుజాలు ఎగరేసింది. "ఆయన సంతకం పెట్టే వచ్చాడు."

"చదవడం వచ్చా ఆయనకి?"

"కుట్టడం వచ్చు."

జిగురు చెయ్యి దానంతటదే పిడికిలి అయింది. ఎలుక కరిచిన వేలు సలిపింది.

"ఏం చేస్తారు చెప్పండి," అంది మేడమ్. "ఎలుకల్ని మార్చినందుకు లైసెన్సు పోతుంది. ఇంకో పేరుతో ఇంకోటి వస్తుంది. మనిషి చావంటారా, మందు పట్టింది నర్సు. చూసుకోవాల్సింది డ్యూటీ డాక్టర్. నేను ఆ గదిలోనే లేను. పడిపోయాక పిలిచారు. మీకు కావాల్సింది ముసలాయన బయటికి రావడం. తీసుకెళ్లండి మీ ఎలుకల్ని. నాలుగింటికి ఇంకా టైముంది."

నిజమే. ముందు తాత. ఈమె పని తర్వాత. తాత మందులో తప్పు లేదు, ఇది తాత మందే కాదు. సీసాలో ఉన్నది...

సీసా.

జిగురు ఫోన్ తీసింది. ఆ సీసా ఇప్పుడు స్టేషన్లో ఉంది. స్టేషన్ బెంచీ మీద ఆ పిల్ల ఉంది.

పిల్ల ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. మూడోసారి ఎవరో ఎత్తారు. తొందరలో వేలు తగిలి స్పీకర్ పడింది.

"మరదలా!" బావగారి గొంతులో పెళ్లిభోజనం చేసినంత హుషారు. "నీ క్లయింటు సామాన్యురాలు కాదు. సరదాకి టేబుల్ మీద పెట్టి ఏమ్మా తాగుతావా అన్నా. సీలు చింపి, మూత తిప్పి, గుటుక్కున రెండు గుక్కలేసింది. సాక్ష్యాన్ని తాగేసిందమ్మా! దీనికి ఏ సెక్షన్ పెట్టాలో స్టేషన్ రైటర్ని అడుగుతున్నా."

"బావా, ఆస్పత్రి!" బావ పక్కన గారు ఎక్కడో పడిపోయింది. "ఇప్పుడే! జీపులో వెయ్యి! గుండె చూసే ఆస్పత్రికి! అది విషం!"

"నువ్వేగా ఇందాక..."

"నేను చెప్పింది తప్పు! ఎలుకలు చచ్చాయి, అన్నీ చచ్చాయి! పట్టుకెళ్లు బావా, నీ కాళ్లు మొక్కుతా!"

కుర్చీ జరిగిన చప్పుడు. ఎవరినో పిలుస్తున్న కేక. ఆ గొడవలోంచి తాత కూతురి గొంతు, దగ్గరగా, భయమన్నది లేకుండా, కొంచెం ముద్దముద్దగా.

"అక్కా, నువ్వు చెప్పాకే తాగా. కానీ ఇదేంటక్కా, నాలుక తిమ్మిరెక్కింది. నాన్న మందుకి ఇలా ఉండదే. నాన్న దీన్ని పారబోసేవాడు కదా."

జవాబు జిగురు వెనకనుంచి వచ్చింది.

"పెదాల సంగతి అడగండి," అంది డైరెక్టర్ మేడమ్. "దర్జీకి నాలుక తర్వాత పెదాలకే వచ్చింది. తర్వాత చేతివేళ్లు. వేళ్ల దాకా రావడానికి దాదాపు అరగంట పట్టింది."

జిగురు నెమ్మదిగా తిరిగింది. నేను ఆ గదిలోనే లేనన్న మనిషి. పడిపోయాక పిలిచారన్న మనిషి. అరగంట. పక్కన నిలబడి, చెయ్యి కూడా అడ్డం పెట్టకుండా, అరగంట.

ఫోన్లో బావగారు కూడా విన్నాడు. ఆయనలో నవ్వు చచ్చిపోయింది. "ఎవరది మాట్లాడింది?" అన్నాడు. జవాబు కోసం ఆగలేదు. "మరదలా, జీపు ఎక్కిస్తున్నాం. కాళ్లు నిలబడట్లేదు దీనికి. వేళ్లు కూడా తెలియట్లేదంటోంది. ఒరేయ్, తలుపు తియ్యరా! లోపల ముసలాడు ఊచలు పట్టుకుని అరుస్తున్నాడు, ఏం చెప్పను? మరదలా, ఏం చెప్పమంటావ్?"

మేడమ్ గోడ గడియారం వైపు చూసింది. తను ఏం అనేసిందో ఆమెకి అర్థమయినట్టే ఉంది. అయినా ఆపుకోలేకపోయింది.

"తొందరగానే వచ్చిందే," అంది. "సన్నగా ఉంటుందా ఆ పిల్ల?"